ఎన్నూరు నుంచి ట్రంకు రోడ్డు మీద వచ్చే బోడి ఛాసీలు (ఇంకా బాడీ కట్టని బండ్లు) గుర్తున్నాయా? ఈ ఫోటో ఎక్కడిదో చెప్పగలరా?

పెన్నాగట్టు (నెల్లూరు)

అందరికీ నమస్కారం. మాది స్టోన్‌హౌస్‌పేట. మా నాయన పోయి ఈ ఉగాదికి ఆరేళ్ళు నిండాయి. పోయిన వారం అమ్మ పాత ట్రంకు పెట్టె ఎండలో పెడుతుంటే అడుగున పరిచిన న్యూస్‌పేపర్ కింద ఒక చిన్న ఫోటో దొరికింది. నలుపు తెలుపు, నలుచదరంగా ఉంది, రెండు అగ్గిపెట్టెలు పక్కపక్కన పెట్టినంత. వెనకాల పెన్సిల్‌తో ‘77’ అని రాసి ఉంది. అంతే, ఊరు పేరు లేదు.

ఫోటోలో మా నాయన ఒక బండి మీద కూర్చొని ఉన్నారు. బండి అంటే బండి కాదు. క్యాబిన్ లేదు, అద్దం లేదు, తలుపులు లేవు. రెండు పొడవాటి ఇనప దూలాలు, ముందు రేడియేటర్, దాని వెనక ఇంజను, గాల్లో నిలబడ్డట్టు ఒక స్టీరింగు. దాని వెనక నాయన. తలకు తువ్వాలు చుట్టుకున్నారు. వెల్డింగ్ షాపుల్లో పెట్టుకునేలాంటి గుండ్రటి కళ్ళద్దాలు నుదుటి మీదకి ఎత్తి పెట్టుకున్నారు. నవ్వుతున్నారు. మా ఇంట్లో ఉన్న మిగతా ఫోటోలు అన్నీ కలిపి పదకొండు, ఒక్కదాంట్లోనూ ఆయన నవ్వలేదు. అందుకే దీన్ని వదలలేకపోతున్నాను.

వెనక ఏముందో చెప్తాను. బండి పక్కన నడుం ఎత్తు గోడ ఒకటి పొడుగ్గా పోతోంది. గోడ అవతల తెల్లగా పెద్ద మైదానంలాగా ఉంది. ఇంకా దూరంగా నాయన భుజం మీదుగా ఒక గోపురం పైభాగం చిన్నగా కనిపిస్తోంది. చెట్లు తక్కువ.

నాయన చేసిన పని ఇదే. మద్రాసు దగ్గర ఎన్నూరులో అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ నుంచి కొత్త ఛాసీలు తీసుకొని బెజవాడకో, హైదరాబాదుకో నడిపి అప్పజెప్పడం. ఒక కాంట్రాక్టరు కింద, ట్రిప్పుకింత అని లెక్క. 1974లో మొదలుపెట్టి 1991లో మానేశారు. ఇంట్లో ఎప్పుడూ రోడ్డు సంగతులు చెప్పేవారు కాదు. నాకు తెలిసిందల్లా హారన్. మా సందు ట్రంకు రోడ్డులో కలిసేచోట రెండు పొట్టి హారన్లు, ఒక పొడుగు హారన్ కొట్టేవారు. అమ్మ అప్పటికే క్యారియర్ కట్టి ఉంచేది. నేను దాన్ని రెండు చేతులా పట్టుకొని పరిగెత్తేదాన్ని. ఆయన ఇంజను ఆపకుండా వంగి అందుకునేవారు. బండికి ఒళ్ళు లేకపోవడం వల్ల ఇంజను రొద మొత్తం నా మొహం మీద పడేది. ఏదో చెప్పేవారు, ఒక్క ముక్క వినపడేది కాదు. తలూపి వచ్చేసేదాన్ని. ఆయన మొహం ఎర్రటి దుమ్ముతో ఉండేది, కళ్ళద్దాలు తీస్తే కళ్ళ చుట్టూ మాత్రం గుండ్రంగా అసలు రంగు.

ఇది ఏ ఊరో, ఏ బండో ఎవరైనా గుర్తుపట్టగలరా? మీ ఇళ్ళల్లో ఎవరైనా ఈ పని చేశారా? ఆయన ఆ పదిహేడేళ్ళు ఏ రోడ్డు మీద ఎలా గడిపారో నాకు తెలుసుకోవాలనుంది. ఆయన వస్తువులు ఇంట్లో ఏమీ మిగల్లేదు, ఒక పెద్ద స్పానర్ తప్ప.

హైవే టీ కొట్టు (సింగరాయకొండ)

అక్కా, చదువుతుంటే ఒళ్ళు ఝల్లుమంది. మా తాతది సింగరాయకొండలో రోడ్డు మీద టీ కొట్టు. ఎండాకాలం సెలవులకు నేనూ అక్కడే గ్లాసులు కడిగేవాణ్ణి. ఛాసీలు ఒంటరిగా రావు, నాలుగో అయిదో వరసగా వస్తాయి. దూరం నుంచే శబ్దం తెలిసిపోయేది. తాత పాలు పొయ్యి మీదకు ఎక్కించేవాడు.

డ్రైవర్లు దిగగానే ముందు టీ అడగరు. నీళ్ళు అడుగుతారు. తొట్టి దగ్గర వంగి మొహం కడుక్కుంటే ఆ నీళ్ళు ఎర్రగా కారేవి. తరువాత టీ నిలబడే తాగుతారు. బెంచీ వేసినా కూర్చోరు. ‘పొద్దుననగా కూర్చున్నాం అబ్బయా, నిలబడనీ’ అనేవాళ్ళు. పిల్లలం మేము ఆ ఇనప దూలాల మీద ఎక్కి నడిచేవాళ్ళం, సర్కస్ తీగ మీద నడిచినట్టు. వాళ్ళు తిట్టేవాళ్ళు కాదు. ‘ఇంజను మాత్రం ముట్టుకోబాక, తోలు ఊడిద్ది’ అని మాత్రం చెప్పేవాళ్ళు. ఒకాయన నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకొని స్టీరింగు పట్టుకోనిచ్చాడు. అది మీ నాయనే అయ్యుంటే ఎంత బాగుండు అనిపిస్తోంది.

ఫోటో గురించి: గోపురం, గోడ, తెల్లటి మైదానం అంటే నాకు మన్నేరు వంతెన అనిపిస్తోంది. సింగరాయకొండలో కొండ మీద నరసింహస్వామి గుడి ఉంది కదా. అదే అయ్యుండొచ్చు.

పాత మెకానిక్ (కావలి)

అమ్మాయ్, నాకు డెబ్బై ఒకటి. కావలిలో ట్రంకు రోడ్డు పక్కన షెడ్డులో నలభై ఏళ్ళు లారీల పని చేశాను. నా కళ్ళు ఇప్పుడు అంత బాగా లేవు, మా మనవడితో ఫోటో పెద్దది చేయించుకొని చూశాను. తెలిసింది తెలిసినట్టు చెప్తాను.

ముందు ఊరు సంగతి. సింగరాయకొండ తమ్ముడు చెప్పింది కాదు. అక్కడి గుడి కొండ మీద ఉంటుంది, ఫోటోలో గోపురం కింద కొండ లేదు. గోపురం నేల నుంచే లేచింది. ఆ తెల్లటిది మైదానం కాదు, ఇసుక. అంత వెడల్పు ఇసుక మన దారిలో పెన్నకే ఉంది. అది మన రంగనాయకుల గుడి గాలిగోపురం. పెన్నా వంతెన మీద నిలబడి ఊరి వైపు తిరిగితే అలాగే కనిపిస్తుంది. బండి మూతి ఏ వైపుందో చూడు. గోపురం మీ నాయన వీపు వెనక ఉంది. అంటే ఆయన ఊరు దాటేసి వంతెన మీద కోవూరు వైపు వెళ్తూ ఆపారు. మీ ఇంటికి ఎంత దగ్గరో చూసుకో. నువ్వు ఎక్కడెక్కడో వెతుకుతున్నావు.

బండి లేలాండ్ కామెట్. బస్సు ఛాసీ. ఎలా చెప్పానంటే, వెనక ఇరుసు దాటాక దూలాలు ఇంకా ఎంత పొడుగు పోయాయో చూడు. లారీకి అంత మిగలదు. బస్సుకి వెనక సీట్లకు, డిక్కీకి కావాలి కాబట్టి వదులుతారు. అది బెజవాడ విద్యాధరపురం ఆర్టీసీ వర్క్‌షాపుకో, హైదరాబాదుకో పోతూ ఉండాలి. లారీ ఛాసీలయితే ఎక్కువగా బెజవాడ ఆటోనగర్‌కు బాడీ కట్టించుకోడానికి పోయేవి.

ఆ ఫ్యాక్టరీ 1948లో అశోక్ మోటార్స్ అని పెట్టింది. రఘునందన్ శరణ్ అనే ఆయన తన కొడుకు పేరు పెట్టుకున్నాడు. మొదట్లో ఎన్నూరులో ఆస్టిన్ కార్లు బిగించేవాళ్ళు. తరువాత ఇంగ్లాండు లేలాండ్ వాళ్ళతో కలిసి 1955లో అశోక్ లేలాండ్ అయింది. మా ఊళ్ళో మాత్రం పేరుతో పనిలేదు, ‘ఎన్నూరు బండి’ అనేవాళ్ళం. టాటాది జంషెడ్‌పూర్ నుంచి కలకత్తా రోడ్డు మీద కిందకి దిగేది. దాన్ని ‘బెంజి’ అనేవాళ్ళం. జర్మనీ వాళ్ళతో ఒప్పందం 1969లో అయిపోయి మూతి మీద నక్షత్రం పోయాక కూడా మా షెడ్డులో బెంజే. ఎన్నూరు బండ్లు పైకి, బెంజి బండ్లు కిందకి. కావలి దగ్గర ఎదురుపడితే ఇద్దరు డ్రైవర్లూ చెయ్యెత్తేవాళ్ళు. మామూలు లారీ డ్రైవరుకి అలా ఎత్తరు. ఒకే ఎండలో మాడినవాళ్ళు కదా.

ఇప్పుడు మీ నాయన రోజు ఎలా గడిచేదో చెప్తాను, నువ్వు అడిగింది అదే కదా. కొత్త ఇంజనుకు పిస్టన్ రింగులు, సిలిండర్లు ఇంకా ఒకదానికొకటి అలవాటు పడవు. తొక్కితే పట్టేస్తాయి. అందుకని వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటనివ్వరు. ఎన్నూరులో పొద్దున ఏడింటికి బయలుదేరితే గుమ్మిడిపూండి, తడ చెక్‌పోస్టులో కాగితాలు, సూళ్లూరుపేట, నాయుడుపేట, గూడూరు, మనుబోలు, వెంకటాచలం, అలా నెల్లూరు చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. మీ అమ్మ క్యారియర్ కట్టింది అందుకే ఆ వేళకి. సాయంత్రానికి ఒంగోలు. అక్కడ పడక. మర్నాడు మేదరమెట్ల, మార్టూరు, చిలకలూరిపేట, గుంటూరు మీదుగా మధ్యాహ్నానికి బెజవాడ. బండి అప్పజెప్పి సంతకం తీసుకొని, రాత్రికి హౌరా మెయిల్లో జనరల్ పెట్టెలో వెనక్కి.

క్యారియర్ ఏం చేసేవాళ్ళో తెలుసా? ఇంజను పక్కన పొగ గొట్టం మొదలయ్యేచోట కట్టేవాళ్ళు. కోవూరు దాటేసరికి అన్నం వేడివేడిగా ఉండేది. చేపల పులుసు అయితే కట్టొద్దని చెప్పేవాణ్ణి, కుదుపుకి మూత ఊడి ఇంజను మీద కారితే ఆ వాసన నాలుగు రోజులు పోదు.

కుదుపు ఎందుకంటే, ఆ కమాన్ పట్టీలు, అంటే ఇరుసుల మీది స్ప్రింగులు, ఏడెనిమిది టన్నుల బరువు మొయ్యడానికి చేసినవి. పైన ఏమీ లేకపోతే అవి వంగవు. గుంటలో పడితే రాయి మీద రాయి పడ్డట్టే. ఇంకో ప్రమాదం బ్రేకు. వెనక బరువు లేదు కాబట్టి గట్టిగా తొక్కితే వెనక చక్రాలు బిగుసుకొని బండి పక్కకి జారుతుంది. వానలో మరీ. అందుకని మంచి ఛాసీ డ్రైవరు బ్రేకు మీద కాలు పెట్టడు, గేరుతోనే ఆపుతాడు. ఆ గేరుకి రెండుసార్లు క్లచ్ తొక్కాలి. పవర్ స్టీరింగు లేదు. మీ నాయన ముంజేతులు గుర్తు తెచ్చుకో, ఎలా ఉండేవో.

రాత్రిపూట నడపరు. లైట్లు ఉండేవి, బిగించి ఇచ్చేవాళ్ళు. కానీ చలికాలంలో కోవూరు, కొడవలూరు పొలాల మధ్య లైటు వేస్తే పురుగులన్నీ మొహం మీదకే. అద్దం లేదు కదా. ఒకతను నోరు తెరిచి పాట పాడుకుంటూ వచ్చి మా షెడ్డు దగ్గర అరగంట దగ్గాడు.

1984 నవంబర్ తుఫాను చెప్పకుండా ఉండలేను. శ్రీహరికోట దగ్గర తీరం దాటింది. సూళ్లూరుపేట, నాయుడుపేట మధ్య నీళ్ళు రోడ్డెక్కాయి. తరువాత మూడో రోజు ఆరు ఛాసీలు కావలికి వచ్చాయి. మనుషులు నానిపోయి చేతులు తెల్లగా పాలిపోయి ఉన్నారు. ఆ రాత్రంతా ఇంజన్లు ఆపలేదట. డీజిలు ఇంజనుకు నిప్పురవ్వ అవసరం లేదు, ఒకసారి అంటుకుంటే వానలో కూడా తిరుగుతూనే ఉంటుంది. ఆపితే మాత్రం ఇంజను లేపే సెల్ఫ్ మోటారులోకి నీళ్ళు పోయి మళ్ళీ లేవదు. అందుకని ఆపకుండా, ఇంజనుకు ఒళ్ళు ఆనించి ఆ వేడితోనే తెల్లార్లూ కూర్చున్నారు. ఆరింటిలో రెండింటికి నేనే సెల్ఫ్ విప్పి ఆరబెట్టాను. డబ్బులు తీసుకోలేదు. ఆ ఆరుగురిలో మీ నాయన ఉన్నారో లేదో నాకు గుర్తు లేదమ్మా, గుర్తుందని అబద్ధం చెప్పను.

ఒక్కటి అడుగుతాను. మీ నాయన సీటు మీ ఇంట్లో ఉందా? ఛాసీతో సీటు రాదు. ప్రతి డ్రైవరూ తన సీటు తనే చేయించుకునేవాడు. మామూలుగా టేకు చెక్క. మూలల్లో రంధ్రాలు పెట్టి, వాటిలోంచి కట్టుతీగ దూర్చి దూలాలకు అడ్డంగా ఉండే కమ్మీకి బిగించేవాళ్ళు. బండి అప్పజెప్పాక తీగ విప్పి, చెక్క సంచిలో వేసుకొని రైలెక్కేవాళ్ళు. నేను స్టేషన్లో చూసేవాణ్ణి, చంకలో చెక్క ఉంటే ఛాసీ డ్రైవరే.

అద్దంకి బస్టాండు (ఒంగోలు)

మెకానిక్ గారికి దణ్ణం. ఒంగోల్లో పడక అన్నారు కదా, అది నాకు బాగా తెలుసు. మా ఇల్లు అప్పట్లో నెల్లూరు బస్టాండు దగ్గర. సాయంత్రం అయ్యేసరికి ట్రంకు రోడ్డు వారగా ఛాసీలు వరసగా ఆగేవి. డ్రైవర్లు ఆ దూలాల మధ్యే గోనెపట్టా కట్టుకొని ఉయ్యాలలాగా పడుకునేవాళ్ళు. కింద పడుకుంటే సామాన్లు పోతాయని.

ఈ సందర్భంలో ఒక మాట. నెల్లూరులో మద్రాసు బస్టాండు, ఆత్మకూరు బస్టాండు ఉన్నట్టే మా ఊళ్ళో నెల్లూరు బస్టాండు, అద్దంకి బస్టాండు, కొత్తపట్నం బస్టాండు ఉన్నాయి. కొత్తగా వచ్చినవాళ్ళు ఆటో ఎక్కి ‘బస్టాండు’ అంటే ఆటో అతను ‘ఏ బస్టాండు’ అని అడుగుతాడు. ప్రైవేటు బస్సుల కాలంలో ఏ ఊరికి పోయే బస్సు ఆ ఊరి రోడ్డు మొదట్లోనే ఆగేది, అందుకే అన్ని పేర్లు. 1958లో ఆర్టీసీ ఏర్పడ్డాక నెమ్మదిగా రూట్లు తీసుకొని అన్నిటికీ ఒకటే పెద్ద బస్టాండు కట్టింది. పేర్లు మాత్రం రోడ్డు మొదట్లోనే ఉండిపోయాయి. మద్రాసు 1996లో చెన్నై అయింది, మీ ఊళ్ళో మద్రాసు బస్టాండు ఇంకా మద్రాసు బస్టాండే కదా.

మా జిల్లా కూడా 1970లో పుట్టిందే. నెల్లూరు, గుంటూరు, కర్నూలు మూడింటి నుంచీ ముక్కలు తెచ్చి కలిపారు. ఒంగోలు గుంటూరుది, కందుకూరు నెల్లూరుది, మార్కాపురం కర్నూలుది. మా నాన్న లాంటివాళ్ళకు జిల్లా కంటే రోడ్డే దగ్గరి చుట్టం. ‘ట్రంకు రోడ్డు వాళ్ళం’ అనేవారు.

ఆ రోడ్డుకు రెండు వైపులా చింతచెట్లు ఉండేవి. నాలుగు లైన్లు వేసినప్పుడు కొట్టేశారు. బైపాసులు వచ్చాక లారీలు ఊళ్ళోకి రావడం మానేశాయి. అయిదో నంబరు హైవే అనేవాళ్ళం, 2010లో పదహారు అయింది. నాకు ఇప్పటికీ నోటికి అయిదే వస్తుంది. ఇప్పుడు లారీలు ఎక్కువగా క్యాబిన్‌తోనే ఫ్యాక్టరీ నుంచి వస్తున్నాయి. బస్సు ఛాసీ ఒక్కటి ఎప్పుడన్నా కనపడితే బండి పక్కకి ఆపి చూస్తాను. హెల్మెట్ పెట్టుకొని నడుపుతున్నారు. మా కాలంలో తువ్వాలే.

హైవే టీ కొట్టు (సింగరాయకొండ)

మెకానిక్ గారూ, మీరు చెప్పాక మళ్ళీ చూశాను. నిజమే, కొండ లేదు. ఇసుకే. నేను మా ఊరు కావాలనుకొని చూశాను కాబట్టి మా ఊరే కనిపించింది. ఆ చెక్క సీటు మాత్రం నాకు గుర్తుంది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకున్నాయన సీటు మీద మడిచిన దుప్పటి ఉంది, అయినా చెక్క గుచ్చుకుంది.

పెన్నాగట్టు (నెల్లూరు)

బాబాయ్, మీరు రాసింది అమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదివించుకుంది.

ఆదివారం పొద్దున తమ్ముణ్ణి తీసుకొని పెన్నా వంతెన మీదకు వెళ్ళాను. కోవూరు వైపు నడిచి, వెనక్కి తిరిగి, ఫోటో పైకెత్తి పట్టుకొని చూశాం. మీరు చెప్పినట్టే ఉంది. ఫోన్‌లో గోపురాన్ని, ఫోటోలో గోపురాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే అదే. వంతెన మీద బండ్లు ఆగవు కదా, హారన్లు కొడుతూనే ఉన్నారు, అయినా ఒక పది నిమిషాలు అక్కడే ఉన్నాం. మా ఇంటి నుంచి అది నడిచిపోయేంత దూరం. ఆ వంతెన మీద నేను ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. జొన్నవాడ కామాక్షమ్మ గుడికి పోయేటప్పుడు, కావలి పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు.

ఇంటికి వచ్చి అమ్మకు చెప్తే అప్పుడు నోరు విప్పింది. ఆ ఫోటో తీసింది మా మేనమామ. పెళ్ళిచూపులు అయ్యాక మామకు అనుమానం వచ్చిందట, ‘తలుపుల్లేని లారీ నడుపుతాడంట, ఏం మనిషో’ అని. స్నేహితుడి దగ్గర ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా అడిగి తీసుకొని, నాయన ఏ రోజు వస్తారో కనుక్కొని, వంతెన మీద కాపు కాసి బండి ఆపించాడు. ‘మా చెల్లెలికి చూపించాలి, కాస్త నవ్వు బావా’ అన్నాడట. అంటే ఆ నవ్వు అమ్మ కోసం. అమ్మ దాన్ని 77 నుంచి పెట్టెలో పేపర్ కింద దాచుకుంది, మాకెవరికీ చూపించలేదు. ఎందుకు చూపించలేదని అడిగాను. ‘అది నాది’ అంది.

84 తుఫాను గురించి కూడా అడిగాను. నాకప్పుడు అయిదేళ్ళు. అమ్మ నాలుగు రోజులు పొయ్యి వెలిగించలేదని, పక్కింటి అవ్వ మాకు గంజి పోసిందని మాత్రం నాకు గుర్తుంది, ఎందుకో అప్పుడు తెలియదు. నాయన అయిదో రోజు వచ్చారట. ఒంటి మీద కుడి వైపు, చెయ్యి నుంచి నడుం దాకా, చర్మం కమిలి ఎర్రగా ఉందట. ఏమైందంటే ‘వేడి’ అన్నారంతే. అమ్మ వారం రోజులు వెన్న రాసింది. మీరు ఇంజనుకు ఒళ్ళు ఆనించి కూర్చున్నారని రాసింది చదివినప్పుడు అమ్మ చదవడం ఆపమంది. కాసేపాగి మళ్ళీ చదవమంది. ఆ ఆరుగురిలో ఉన్నారో లేదో మీకు గుర్తులేకపోయినా ఫర్వాలేదు బాబాయ్. ఆయన కూడా అలాగే గడిపారని మాకు తెలిసింది. వాళ్ళ దగ్గర మీరు డబ్బులు తీసుకోలేదని అమ్మ మీకు నమస్కారం చెప్పమంది.

ఇక సీటు. లేదని రాయబోయాను. ఇంట్లో ఆయన వస్తువులేవీ లేవని నేనే మొదట రాశాను కదా. సాయంత్రం వంటింట్లోకి వెళ్తే అమ్మ మునక్కాయలు కోస్తోంది. కింద పీట మీద కూర్చొని ఉంది. ఆ పీట నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అక్కడే ఉంది. మామూలు పీటలకంటే వెడల్పు, కాళ్ళు పొట్టిగా తరువాత ఎవరో కొట్టించినట్టుంటాయి. నాలుగు మూలల్లో నాలుగు రంధ్రాలు. చిన్నప్పుడు వాటిలో నేను పలకబలపం ముక్కలు వేసి దాచేదాన్ని. అమ్మ ఎప్పుడూ దాన్ని ‘ఎన్నూరు పీట’ అనేది. ‘ఎన్నూరు పీట ఇటు జరుపు’, ‘ఎన్నూరు పీట తడపబాక’. ఎన్నూరు సంతలో కొన్నదేమో అనుకున్నాను ఇన్నేళ్ళూ.

అమ్మను లేవమని పీట తిరగేశాను. కింద వైపు నల్లటి గ్రీజు చెక్కలోకి ఇంకిపోయి ఉంది. నాలుగు రంధ్రాల్లో రెండింటి అంచులు తీగ ఒరుసుకొని పల్లం పడ్డాయి. వేలు పెడితే తీగ మందం తెలుస్తోంది.

ఫోటో తీసి పెడదామంటే అమ్మ పీట అడిగింది, ఇంకా సగం కాయలు కోయాలంటూ. ఇచ్చేశాను. రేపు పగటి వెలుతురులో తీసి పెడతాను బాబాయ్.